కుండకు వెల, పెంకుకు విలువ

వేసవి రాగానే నీళ్ళకుండ కొనువారు దానిని చేతిలోకి తీసికొని వ్రేలితో తట్టి చూతురు. ఖంగుమని మ్రోగినచో కుండ మంచిది. బొంగురుగా పలికినచో ఎక్కడనో కంటికి కనబడని బీట ఉన్నదన్నమాట. బీట గల చోట ప్రకంపనములు చెదరిపోవుటచే ధ్వని నిలువదు. లక్షల రూపాయలు పెట్టి పాత పాత్రలను వేలములో కొనువారు చేయు పరీక్షలలో ఇదియును ఒకటి. అయితే పాత మట్టిపాత్రకు అంత వెల ఎట్లు వచ్చును? మన పొలములలో దొరకు చిల్లపెంకులకు ఆ వెల లేదు గనుక అవి విలువ లేనివేనా? ఈ రెండు ప్రశ్నలకును జవాబు పాత్ర వయస్సును తెలిసికొను పద్ధతిలో ఉన్నది.

అడుగున జన్మపత్రిక

అమెరికాలోని ఒహైయో నదీతీరమున సిన్సినాటి నగరము కలదు. అచ్చట 1880లో మరియా లాంగ్‌వర్త్ నికొల్స్ అను మహిళ ‘రుక్‌వుడ్’ అను కుండల కార్ఖానాను స్థాపించెను. అచ్చటి చిత్రకారులు రంగు కలిపిన పలుచని మట్టితో పాత్రపై పూవులను, పక్షులను చిత్రించెడివారు. దానిపై గాజుపూత పూసి కాల్చెడివారు. 1887లో చేరిన కటారో షిరయమదాని అను జపాను చిత్రకారుడు వీరిలో ప్రసిద్ధుడు.

ఈ పాత్రలను సేకరించువారు మొదట పాత్రను తలక్రిందులు చేసి అడుగు చూతురు. 1886లో ఆ కార్ఖానా ఆర్, పి అను రెండక్షరములను జతచేసి ముద్రగా వేయనారంభించెను. 1887లో ముద్రపై ఒక చిన్న జ్వాలను చేర్చిరి. అటుపిమ్మట ఏటేట ఒక్కొక్క జ్వాల చొప్పున పెంచుచు పోగా 1900 నాటికి జ్వాలలు పదునాలుగైనవి. 1901 నుండి ముద్ర క్రింద సంవత్సరమును రోమను అంకెలలో వేసిరి. కావున తొమ్మిది జ్వాలలున్న పాత్ర ఏ సంవత్సరమునాటిది? 1886కు తొమ్మిది కలుపుడు: 1895. ఏడవ తరగతి విద్యార్థియు ఈ లెక్క చేయగలడు. ముద్రతోపాటు పాత్ర ఆకారమును తెలుపు సంఖ్యయు, చిత్రకారుని పొడి అక్షరములును ఉండును.

వేలములో వెలను నిర్ణయించునవి ముఖ్యముగా మూడు: ఎవరు చేసిరి, ఎప్పుడు చేసిరి, ఇప్పుడెట్లున్నది. మొదటి రెంటికిని అడుగున ఉన్న ముద్ర సాక్షి. మూడవదానికి పరీక్షలు కావలెను. పగిలిన అంచును అతికి రంగు వేసినచో పగటి వెలుతురులో గుర్తించుట కష్టము. చీకటి గదిలో అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసినచో కొత్త జిగురును, కొత్త రంగును అసలు గాజుపూత కంటె వేరుగా మెరయును. గాజుపూతలో సాలెగూడు వంటి సన్నని పగుళ్ళు కొన్నిట కనిపించును. చల్లారునపుడు క్రింది మట్టియు, పైపూతయు ఒకే పరిమాణములో కుంచించుకొనకపోవుటయే దీనికి కారణము. విద్యుద్దీపము అమర్చుటకై అడుగున రంధ్రము తొలిచిన పాత్రకు వెల తగ్గును.

ఇట్లు జన్మపత్రికను వెంట తెచ్చుకొన్న పాత్ర ఇంటినుండి అంగడికి, అంగడినుండి వేలమునకు చేతులు మారినను దాని చరిత్ర అంతగా చెడదు.

ముద్ర లేని కుండలు

ఇక మన గోదావరీతీరమునకు వత్తము. మహదేవపూర్ మండలములోని కాళేశ్వరము వద్ద ప్రాణహిత గోదావరిలో కలియుచున్నది. అచ్చటినుండి నదికి ఎగువగా పోయినచో జగిత్యాల జిల్లాలో శాతవాహనుల తొలినాటి నాణెములు దొరికిన కోటిలింగాల కలదు. పెద్దపల్లి జిల్లాలో ధూళికట్ట, పెద్దబంకూరు కలవు. ములుగు అడవులలో దామరవాయి వద్ద ప్రజలు రాకాసి గుళ్ళని పిలుచు రాతిసమాధులున్నవి. ఇట్టి ప్రాచీనస్థలములలో కుండపెంకులు విస్తారము. వానిపై కార్ఖానా ముద్ర లేదు, సంవత్సరము లేదు.

అయినను అవి మూగవి కావు. ఇనుపయుగపు సమాధులలో దొరకు ఒక జాతి కుండలు లోపలను, మూతి దగ్గరను నల్లగాను, వెలుపల క్రిందిభాగమున ఎర్రగాను ఉండును. మట్టి ఒక్కటే, రంగులు రెండు. కుండలోపల ఆకులలములు నింపి, బోర్లించి కాల్చినచో ఈ రంగులు వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. వెలుపలి భాగమునకు ఆమ్లజని ధారాళముగా అందుటచే మట్టిలోని ఇనుము ఫెర్రిక్ ఆక్సైడుగా మారి ఎరుపునిచ్చును. లోపల ఆమ్లజని చాలనందున ఇనుము క్షయకరణము చెందును. పొగలోని కర్బనము మట్టి రంధ్రములలో నిలిచిపోవును. అందుచే నలుపు వచ్చును. నేటి కుమ్మరి ఆవములో కాలిన కుండ పగిలినప్పుడు దాని అంచును చూడుడు. కొన్నిట పైన ఎరుపు, నడుమ నల్లని చార ఉండును. నడిమి కర్బనము పూర్తిగా కాలలేదని దాని అర్థము.

రంగు ఎట్లు కాల్చిరో చెప్పును. ఎప్పుడు కాల్చిరో చెప్పునది మాత్రము కుండ చుట్టుప్రక్కల నున్న నేల.

ఒక పెంకు చెప్పిన సాక్ష్యము

1945లో పుదుచ్చేరి సమీపమున అరికమేడులో మార్టిమర్ వీలర్ త్రవ్వకములు జరిపెను. ఆయన అప్పుడు భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్. అచ్చట ఇటలీలోని అరెజ్జోలో తయారైన ఎర్రని మెరుగుపాత్రల పెంకులు లభించినవి. కొన్నిటి అడుగున కుమ్మరి ముద్రలున్నవి. అవి క్రీస్తుశకారంభమునకు ఇటునటు తయారైనవని ఐరోపాలో అదివరకే నిర్ణయమైయుండెను. అరికమేడులో లోపలి అడుగున వలయములుగా చిన్న చిన్న గాట్లుగల దేశీయపు పళ్ళెములును దొరికినవి. వీనికి ముద్ర లేదు. ముద్రగల పరదేశపు పెంకుల సాంగత్యమునుబట్టి వీని కాలమును వీలర్ లెక్కగట్టెను. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో పై పొరలో అవే గాట్ల పళ్ళెములు కనిపించినవి. ఆ పొరకు ఆయన ఆంధ్ర సంస్కృతి యని పేరిడెను. దాని క్రింది పొర రాతిసమాధుల వారిది. ఇట్లు ఇటలీ కుమ్మరి ముద్ర ఒకటి దక్షిణాపథపు కుండలకు కాలనిర్ణయము చేసినది.

ఆ గాట్ల పళ్ళెములు వీలర్ అనుకొన్నదాని కంటె ముందే మొదలైనవని తరువాతివారు చూపిరి. ఆ సవరణకు ఆధారములును పొరలే. అరికమేడు ముద్రపెంకును ఎవరో ముందే ఏరుకొని అమ్మివేసియున్నచో, వారికి కొద్దిపాటి ధనము దొరికెడిది. మనకు చరిత్ర దొరకకపోయెడిది.

ప్రయోగశాలకును మట్టి కావలెను

పొరలతో పనిలేకుండ ప్రయోగశాలలో వయస్సు తేల్చరాదా యని అడుగవచ్చును. థెర్మోల్యూమినిసెన్స్, అనగా ఉష్ణదీప్తి, అను పద్ధతి కలదు. మట్టిలోని సైకతస్ఫటికములు చుట్టుప్రక్కల రేడియోధార్మిక ద్రవ్యముల నుండి వచ్చు శక్తిని కొంచెము కొంచెముగా దాచుకొనును. కుండను సుమారు 500 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి కాల్చినప్పుడు పాతశక్తి వెలువడి ఖాతా సున్న అగును. అప్పటినుండి మరల జమ ప్రారంభమగును. నేడు ఆ పెంకు పొడిని వేడిచేసినచో ఆ శక్తి మందమైన వెలుగుగా బయటపడును. మొత్తము జమను ఒక సంవత్సరపు జమతో భాగించినచో వయస్సు వచ్చును.

అయితే ఏడాదికి ఎంత జమ యగును? అందులో కొంత పెంకునుండియే వచ్చును. కొంత అది పూడియున్న నేలనుండి వచ్చును. ఆ నేల తెలియనిచో లెక్క ఉజ్జాయింపుగానే ఉండును. పాత్ర పాతదో, నిన్నటి నకిలీయో చెప్పవచ్చును గాని వయస్సును గట్టిగా చెప్పలేము.

మనము చేయదగినది

చట్టమును స్థలమునే అడుగుచున్నది. నేలలో దొరకిన నిధి విలువ పది రూపాయలు మించినచో, అది ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు దొరికినదో కలెక్టరుకు వ్రాతపూర్వకముగా తెలుపవలెనని 1878 నాటి నిధుల చట్టము చెప్పుచున్నది. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన ఇట్టి వస్తువులతో వ్యాపారము చేయుటకు లైసెన్సు కావలెను. ప్రైవేటు వ్యక్తులు వానిని విదేశములకు పంపరాదు.

కావున పొలము దున్నునపుడో, బావి త్రవ్వునపుడో పాతపెంకులు బయటపడినచో విద్యార్థులు వానిని ఏరి సంచిలో వేసికొనరాదు. ప్రక్కన కొలబద్ద ఉంచి ఛాయాచిత్రము తీయవలెను. ఊరు, పొలము, లోతు, తేదీ వ్రాసికొని ఉపాధ్యాయునకు చూపవలెను. ఉపాధ్యాయుడు తహసిల్దారుకును, రాష్ట్ర పురావస్తు శాఖకును తెలియజేయవలెను. రుక్‌వుడ్ పాత్ర తన సంవత్సరమును అడుగున మోసికొని తిరుగును. మన కుండ తన సంవత్సరమును మట్టిలో దాచియుంచినది. మట్టినుండి దానిని వేరుచేయు పని తెలిసినవారికే విడువవలెను.