బొమ్మ దొర్లితే ట్యూబు పోయినట్టు కాదు
పాత టీవీలో పాత ఆట ఆడాలంటే గీతల లెక్క కుదరాలి

గోదావరిఖని: ఒకప్పుడు ఇంటికే అలంకారమైన డబ్బా టీవీ నేడు అటకెక్కింది. కొన్ని ఇళ్లలో అదీ లేదు, పాత సామాను బండికి వెళ్లిపోయింది. అయితే ఇటీవల పిల్లలకు, ఒకనాటి పిల్లలైన పెద్దలకు కూడా ఈ డబ్బాలపై మళ్లీ మనసు మళ్లుతోంది. క్యాసెట్ వేసి ఆడిన మారియో వంటి వీడియో గేములు ఇప్పుడు కంప్యూటర్లో దొరుకుతున్నాయి. పాత ఆట యంత్రంలా నటించే ప్రోగ్రామును ఎమ్యులేటర్ అంటారు. దానిని పాత టీవీకి తగిలించగానే బొమ్మ దొర్లుతుంది, లేదా రంగు పోతుంది. వెంటనే "ట్యూబు పోయింది" అని తీర్మానించి సెట్టును బండికి ఎక్కిస్తారు. చాలాసార్లు సెట్టులో ఏ లోపమూ ఉండదు.

సాళ్ల లెక్క

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ నాటికి రంగుల ప్రసారాలు వచ్చాయి. మన టీవీలది 625 గీతల పద్ధతి. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ల కిరణం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి గీతలు గీస్తుంది. రైతు నాగలి సాళ్లు వేసినట్టే. కాకపోతే ఒకసారి బేసి సాళ్లు, మరోసారి సరి సాళ్లు వేస్తుంది. ఇలా సెకనుకు 50 సార్లు తెర పైనుంచి కిందికి దిగుతుంది.

జపాను కంపెనీ నింటెండో 1983లో తెచ్చిన ఆట యంత్రం లెక్క వేరు. దాని బొమ్మ అడ్డంగా 256 చుక్కలు, నిలువున 240 గీతలు. అది సాలు విడిచి సాలు వేయదు. ప్రతిసారీ అవే గీతలను సెకనుకు సుమారు 60 సార్లు గీస్తుంది. గీతల నడుమ సన్నని నల్లటి సందు మిగిలేది అందుకే. ఆనాటి బొమ్మకు అందం ఇచ్చింది ఆ సందే.

ఏం చేయాలి?

కంప్యూటర్ మామూలుగా ఇచ్చే 640-480 బొమ్మ సెకనుకు 31 వేలకు పైగా గీతలు అడుగుతుంది. టీవీ గీయగలిగేది 15,625 మాత్రమే. కనుక రెండింటినీ నేరుగా కలిపితే పని జరగదు. బజారులో దొరికే చవక కన్వర్టర్లు కలుపుతాయి గానీ, బేసి సరి పద్ధతిలో పంపుతాయి. బొమ్మ వణుకుతుంది.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మూడవ మోడలు వరకు టీవీకి పనికొచ్చే ఏవీ సిగ్నలు నేరుగా ఇస్తుంది. దాని కాన్ఫిగ్ ఫైలులో ఎస్‌డీటీవీ మోడ్ అనే చోట 16 అని రాస్తే 60 సార్ల లెక్క, 18 అని రాస్తే 50 సార్ల లెక్క వస్తుంది. రెండింటిలోనూ సాలు విడవకుండానే గీస్తుంది.

ముందు 16 పెట్టి చూడాలి. బొమ్మ దొర్లితే పాత సెట్ల వెనుక ఉండే వర్టికల్ హోల్డ్ మీటను మెల్లగా తిప్పాలి. రంగు పోయి నలుపు తెలుపు కనిపిస్తే టీవీ మెనూలో కలర్ సిస్టమ్‌ను ఆటోకు మార్చాలి. అప్పటికీ కుదరకపోతే 18 పెట్టుకోవచ్చు. అయితే ఆటనూ 50 సార్లకే నడిపితే నిమిషంలో ముగిసే ఆట నిమిషం పన్నెండు సెకన్లు పడుతుంది. పైనా కిందా నల్ల పట్టీలు కూడా కనిపిస్తాయి.

పాత కంప్యూటర్ మానిటర్ ఉన్నవారి చిక్కు దీనికి తలకిందులు. అది సాధారణంగా 30 వేల గీతల కన్నా దిగదు. అందుకని 240 గీతల బొమ్మను సెకనుకు 120 సార్లు పంపాలి. అడ్డంగా 2560 చుక్కలు పెట్టుకుంటే 256 చుక్కల ఆట సరిగ్గా పదింతలు, 320 చుక్కల ఆట ఎనిమిదింతలై అమరుతాయి. మానిటర్ పుస్తకంలో రాసిన హద్దు మాత్రం దాటరాదు.

జాగ్రత్త

ఏ సర్దుబాటైనా బయటి నుంచే చేయాలి. రంగుల టీవీ ట్యూబులో ఇరవై వేల వోల్టులకు పైగా ఒత్తిడి ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా కొంత నిలిచి ఉండవచ్చు. మూత విప్పడం తెలిసిన మెకానిక్కు పని.

నిజంగానే పాడైన సెట్టును రాగి తీగ కోసం పగలగొట్టరాదు. ట్యూబు గాజులో సీసం ఉంటుంది. పగిలిన ముక్కలు చెలకలో, చెరువు గట్టున పడితే ఆ విషం మనకే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటి సెట్లు రిజిస్టరైన రీసైక్లింగ్ సంస్థలకే చేరాలి.

బండివాడిని పిలిచే ముందు ఒక్కసారి గీతల లెక్క సరిచూడండి. ఆడుతుందనుకోని టీవీ ఆడవచ్చు.