పాచిక ఎవరి చేతిలో ఉంది?

అరుగు మీద అష్టా చెమ్మా ఆడేటప్పుడు గవ్వలు అందరి కళ్లముందే పడతాయి. పడిన పందెం నచ్చలేదని మళ్లీ వేస్తానంటే చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోరు. మరి ఆ గవ్వలు వేసే చోట రెండోవాళ్లు లేకపోతే?

సంజామలలో ఒకరు, డల్లాస్‌లో స్థిరపడిన స్నేహితుడొకరు కంప్యూటర్‌లో యుద్ధతంత్రాల ఆట ఆడుతున్నారనుకుందాం. వేసవిలో రెండు ఊళ్లకూ పదిన్నర గంటల తేడా. ఇద్దరికీ ఒకేసారి తీరిక దొరకదు. అందుకని ఒకరు తన వంతు ఆడి, ఆట ఫైలును ఈమెయిల్‌లో పంపుతారు. రెండోవారు వీలైనప్పుడు తెరిచి ఆడి తిప్పి పంపుతారు.

మోసానికి సందు ఇక్కడే ఉంది. దాడి విఫలమైతే ఆట మూసేసి, వచ్చిన ఫైలునే మళ్లీ తెరవచ్చు. గెలిచేదాకా దాడి చేసి, గెలిచిన ఫైలును మాత్రమే పంపవచ్చు. ఇంకో రకం మోసమూ ఉంది. చీకట్లో ఉన్న ప్రాంతంలోకి సైన్యాన్ని పంపి, శత్రువు ఎక్కడున్నాడో చూసుకుని, ఏమీ ఎరగనట్టు మొదటికి రావడం. మొదటిది అదృష్టాన్ని దొంగిలించడం, రెండోది రహస్యాన్ని దొంగిలించడం.

ఉత్తరాల్లో ఆడిన పేరున్న ఆటలు కొన్నింటికి ఈ బెడద లేదు. 1824లో లండన్, ఎడిన్‌బరో క్లబ్బులు టపాలో చదరంగం మొదలుపెట్టి 1828లో ముగించాయి. చదరంగంలో పాచికా లేదు, దాచిన పావూ లేదు. 1963లో అమెరికాలో జాన్ బోర్డ్‌మన్ ‘డిప్లొమసీ’ అనే ఆటను టపాలో ఆడించాడు. అందులోనూ పాచిక లేదు; ఎత్తులన్నీ నిర్వాహకుడికి చేరాక ఒకేసారి బయటపడతాయి. ఈమెయిల్ ఆటలో మాత్రం పాచిక ఆటగాడి కంప్యూటర్‌లోనే పడుతుంది.

దీనికి మొదటి విరుగుడు ‘సీడ్’. ఆటల్లో కంప్యూటర్ తీసే యాదృచ్ఛిక సంఖ్యలు సాధారణంగా ఒక మూలసంఖ్య నుంచి లెక్కకట్టినవే. దాన్ని ఫైలులోనే భద్రపరిస్తే, అదే దాడి ఎన్నిసార్లు చేసినా ఫలితం మారదు. ‘సివిలైజేషన్ 3’లో ఈ ఏర్పాటు ఉంది. కానీ దాడుల వరుస మారిస్తే ఫలితాలూ మారతాయి. చెడ్డ సంఖ్యను చిన్న పోరుకు ఖర్చుపెట్టి, మంచి సంఖ్యను పెద్ద పోరుకు దాచుకోవచ్చు. రహస్యం చూసి వెనక్కి రావడాన్ని సీడ్ ఆపలేదు కూడా.

రెండోది నిర్వాహకుడు. 1995 నాటి ‘స్టార్స్!’ ఆటలో ఆటగాళ్లు పంపేది ఆదేశాలు మాత్రమే. అన్నీ అందాక నిర్వాహకుడి కంప్యూటర్ ఆ ఏడాది ఫలితాలు తేలుస్తుంది. ఫైలు ఎన్నిసార్లు తెరిచినా కొత్తగా తెలిసేదేమీ ఉండదు. రెండు రకాల దొంగతనాలకూ ఇదే గట్టి మందు. అయితే ఆ నిర్వాహకుడు ఆటగాళ్లలో ఒకడు కాకూడదు.

మధ్యవర్తి దొరకనప్పుడు గణితం సాయపడుతుంది. ఫోన్‌లో బొమ్మా బొరుసూ వేయడం ఎలాగో మాన్యుయెల్ బ్లమ్ 1981లో చూపించాడు. ఆ సూత్రంతో పాచిక ఇలా వేయవచ్చు. సంజామల ఆటగాడు తన దాడి ఆదేశాన్ని ముందే రాసిస్తాడు. మనసులో ఒకటి నుంచి ఆరు దాకా ఒక అంకె, ఉదాహరణకు 4, అనుకుని, దానికి పొడవైన అర్థంలేని అక్షరాలు చేర్చి, షా-256 అనే లెక్కతో వచ్చే 64 అక్షరాల ముద్రను మాత్రం పంపుతాడు. డల్లాస్ ఆటగాడు తన అంకె 5 అని బాహాటంగా చెబుతాడు. అప్పుడు మొదటివాడు తన రహస్యం విప్పుతాడు. మొత్తం 9, ఆరుతో భాగిస్తే శేషం 3, ఒకటి కలిపితే పాచిక 4. విప్పిన రహస్యం నుంచి ముద్రను మళ్లీ తీసి ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆ అక్షరాలు చేర్చకపోతే ఒకటి నుంచి ఆరు దాకా ఒక్కో అంకెకు ముద్ర తీసి పోల్చి రహస్యం కనిపెట్టేయవచ్చు. రహస్యం విప్పనంటే ఆ పోరు ఓడినట్టేనన్న నియమం కూడా ముందే ఉండాలి.

స్నేహితుడి నిజాయితీని శంకించడానికి కాదు ఈ ఏర్పాట్లు. వరుసగా మూడు యుద్ధాలు గెలిచినవాడి మీద అనుమానం పడకుండా కాపాడేవీ ఇవే. అందుకే దూరాన ఉన్నవాళ్లతో ఆట మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి: ఫలితం ఎవరి కంప్యూటర్‌లో తేలుతోంది? దాడి చేసేవాడి కంప్యూటర్‌లోనే అయితే, మొదటి ఎత్తుకు ముందే పద్ధతి మార్చండి.