ఉక్కు లయలో దక్షిణపు బాణీ

'హెవీ మెటల్' అనగానే చెవులు చిల్లులు పడే రొద అని మనలో చాలమంది అభిప్రాయం. కాని ఆ రొదకు ఒక వ్యాకరణమున్నది, వంశచరిత్ర కూడ ఉన్నది. అమెరికాలోని 'హెల్‌యా' బృందం అందుకు తగిన ఉదాహరణ.

ఈ బృందం సంగీతంలో రెండు పాయలు కలిసినవి. మొదటిది 'గ్రూవ్ మెటల్'. 1980లలో ప్రబలిన 'థ్రాష్ మెటల్'కు వేగమే ప్రాణం. గ్రూవ్ మెటల్ ఆ వేగాన్ని మధ్యమకాలానికి దించి, గిటారు శ్రుతిని తగ్గించి, బరువైన చిన్న స్వరబంధాన్ని మరల మరల వాయిస్తుంది. గిటారు, డ్రమ్ములు ఒకే దెబ్బపై కలుస్తవి. నడుమనుండే విరామానికీ అంతే విలువ. రెండవది 'సదరన్ రాక్'. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతివారి బ్లూస్, పల్లెల కంట్రీ పాటలు రాక్‌తో కలియగా పుట్టినది. 1969లో ఏర్పడిన ఆల్మన్ బ్రదర్స్ బృందం దీనికి ఆద్యులలో ఒకటి. తీగను వంచి, జార్చి స్వరం పలికించడం దీని సొగసు. గమకం, జారు ఎరిగిన మన చెవికి ఇది బొత్తిగా కొత్త కాదు.

ఈ రెండు పాయలు టెక్సాస్‌లో ఒకే ఇంట కలిసినవి. డ్రమ్ముల వాద్యకులు విన్నీ పాల్, గిటారు వాద్యకులు డైమ్‌బ్యాగ్ డారెల్ అన్నదమ్ములు. తండ్రి కంట్రీ పాటల రచయిత, రికార్డింగు స్టూడియో నిర్వాహకులు. సోదరులు 1981లో నెలకొల్పిన 'పాంటెరా' బృందం 1990లో వెలువరించిన 'కౌబాయ్స్ ఫ్రమ్ హెల్' గ్రూవ్ మెటల్‌కు బాట వేసినది.

2004 డిసెంబరు 8న ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో, వేదికపై వాయిస్తూండగనే, డారెల్‌ను ఒక దుండగుడు కాల్చి చంపినాడు. మరి ముగ్గురు కూడ బలియైనారు. అన్నగారు అదే వేదికపై డ్రమ్ముల వెనుక కూర్చుండి ఉన్నారు.

చిన్ననాటి నుండి తమ్ముని గిటారుకు జోడుగా నడచిన లయ అది. ఆ జోడు పోయిన పిమ్మట, 2006లో గాయకులు చాడ్ గ్రే ప్రభృతుల హెల్‌యా బృందంలో చేరి విన్నీ పాల్ మరల పుల్లలు చేతబట్టినారు. 2016 నాటి ఆల్బంలో ఫిల్ కాలిన్స్ పాట నొకదానిని వాయించి, డారెల్ జీవించియుండగా రికార్డు చేసిన గిటారును అందులో చేర్చినారు. పన్నెండేండ్ల ఎడబాటు తరువాత అన్నదమ్ములు ఒక్క పాటలో కలిసినారు.

2018 జూన్ 22న విన్నీ పాల్ మరణించినారు. అప్పటికే రికార్డయియున్న ఆయన వాద్యంతో 2019లో 'వెల్‌కమ్ హోమ్' ఆల్బం వెలువడినది.

ఈ సంగీతాన్ని ఆలకింపగోరు శ్రోతలు తొలుత గాయకుని కేకను విడిచి డ్రమ్ములను మాత్రమే అనుసరింపవలెను. దెబ్బకూ దెబ్బకూ నడుమనున్న నిదానం పట్టుబడిన తరువాత, గిటారు తీగలోని దక్షిణపు వంపు దానంతటదే వినబడుతుంది.