నీటి నుంచి ఆక్సిజన్ లాక్కునే మెగ్నీషియం

మెగ్నీషియం దిమ్మకు అగ్గిపుల్లతో నిప్పంటించడం సాధ్యం కాదు. అదే దిమ్మను ఇంటి వర్క్‌షాపులో లేత్ మీద చెక్కినప్పుడు రాలే పల్చని చిప్స్‌కు, ఆకురాయితో రాకినప్పుడు పడే పొడి రజనుకు నిప్పురవ్వ తగిలితే చాలు. లోహం ఒకటే, మారింది ఉపరితలం. సెంటీమీటరు భుజం ఉన్న ఘనానికి 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటుంది; దాన్నే 0.05 మిల్లీమీటర్ల పొరలుగా చెక్కితే అది 400 దాటుతుంది. దిమ్మలో వేడి లోపలికి పాకి చల్లారుతుంది. చిప్‌లో పుట్టిన వేడికి పోయే దారి లేదు. పైన ఏర్పడే ఆక్సైడ్ పొర కూడా కాపాడదు. పిల్లింగ్, బెడ్‌వర్త్ అనే శాస్త్రవేత్తలు 1923లో ప్రతిపాదించిన లెక్క ప్రకారం ఆ ఆక్సైడ్ ఘనపరిమాణం అది పుట్టిన లోహంలో 0.81 వంతే. చాలీచాలని ఆ పొర పగిలి, కింది లోహాన్ని గాలికి వదిలేస్తుంది.

అసలు ఆశ్చర్యమంతా మంట అంటుకున్నాకే. గాలి అందకపోతే ఏ నిప్పయినా ఆరుతుందని అందరూ నమ్ముతారు. మెగ్నీషియానికి గాలే అక్కర్లేదు. చాలా పదార్థాల్లోంచి ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. కారణం కొన్ని అంకెల్లో ఉంది. ఒక మోల్ ఆక్సిజన్ పరమాణువులతో కలిసినప్పుడు మెగ్నీషియం 601 కిలోజౌళ్ల వేడినిస్తుంది. అల్యూమినియం 558, సిలికాన్ 455, నీరుగా మారే హైడ్రోజన్ 286, తుప్పుగా మారే ఇనుము 275, కార్బన్ డయాక్సైడ్‌గా మారే కార్బన్ 197. తగినంత వేడి తగిలితే, ఈ మెట్లలో పైనున్నది సాధారణంగా కిందున్న దాని ఆక్సిజన్‌ను లాక్కుని, తేడాను వేడిగా వెలువరిస్తుంది. రసాయన శాస్త్రంలో ఇంత చిన్న పట్టికతో ఇన్ని ప్రమాదాలను ముందే చెప్పగలగడం అరుదు.

నీరు పోస్తే మెగ్నీషియం అందులోని ఆక్సిజన్‌ను తీసుకుని హైడ్రోజన్‌ను వదులుతుంది, అదీ మండుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ప్రయోగిస్తే నల్లటి కార్బన్ మిగుల్చుకుని ఇంకా మండుతుంది. డ్రై ఐస్ దిమ్మల మధ్య మెగ్నీషియం ధగధగా వెలగడం కాలేజీ ప్రయోగశాలల్లో చూపించేదే. ఇసుక పూర్తి భద్రమన్న మాటా తప్పే: ఇసుకలో ఆక్సిజన్‌తో కలిసి ఉన్న సిలికాన్ కూడా కింది మెట్టులోనే ఉంది. ఇసుక తడిగా ఉంటే ఆవిరి ఎగదన్ని, మండుతున్న లోహాన్ని చిమ్ముతుంది.

నీళ్లు పోసే పొరపాటు 1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని ల మాన్ రేసులో అందరి కళ్లెదుటా జరిగింది. ప్రేక్షకుల్లోకి దూసుకెళ్లిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కారు బాడీ మెగ్నీషియం మిశ్రలోహంతో చేసినది. దానిపై నీళ్లు చల్లడంతో మంట మరింత ఎగసి, గంటల తరబడి కాలింది. ఆ ప్రమాదం మొత్తం మీద 80 మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఇంటి వర్క్‌షాపులో గ్రైండర్‌ది మరో గొడవ. ఒకే చక్రం మీద ఒకసారి తుప్పు పట్టిన ఇనుము, మరోసారి అల్యూమినియం రాకితే 275 మెట్టు, 558 మెట్టు ఒకే దుమ్ములో కలుస్తాయి. రైలు పట్టాలను అతికే థర్మిట్ మిశ్రమంలో ఉండేవీ ఈ రెండే. టైటానియం ప్రమాదం వేరు: దాని ఉష్ణవాహకత చాలా తక్కువ కనుక వేడంతా టూల్ మొన దగ్గరే పేరుకుంటుంది. మెగ్నీషియంలాగే అది కూడా నైట్రోజన్‌లో మండగలదు.

ఆచరణకు వస్తే, మెగ్నీషియానికి పదునైన టూల్ వాడి, చిప్ మందంగా వచ్చేలా ఫీడ్ ఇవ్వాలి. కోత లేకుండా టూల్ రుద్దుకుంటూ తిరగడమే చాలా మంటలకు మూలం. నీరు కలిపిన కూలెంట్‌తో తడిసిన చిప్స్‌ను మూత బిగించిన డబ్బాలో దాచకూడదు, హైడ్రోజన్ పేరుకుంటుంది. చిప్స్‌ను రోజూ ఊడ్చి తీసేయాలి. లోహపు మంటలకు పనికొచ్చేవి డి తరగతి పొడి, పొడి గ్రాఫైట్, తేమా నూనే లేని పోత ఇనుము చిప్స్. దుకాణాల్లో మామూలుగా అమ్మే ఏబీసీ సిలిండర్ వీటికి పనికిరాదు, అయినా లేత్ పక్కన తగిలించేది ఎక్కువగా దాన్నే.