ఏ దేశం మేలు? పరిశోధన, వలస, సంక్షేమం: అపోహలు – వాస్తవాలు

దేశాలను పోల్చే జాబితాలు పరిశోధన అవకాశాలను ఒక పట్టికలో, వలసలను ఇంకో పట్టికలో, సంక్షేమాన్ని మరో పట్టికలో పెడతాయి. ఊరు వదిలి వెళ్లే మనిషికి మాత్రం మూడూ ఒకే మూటలో వస్తాయి: ల్యాబ్‌లో చోటు, పాస్‌పోర్టులో వీసా, జ్వరమొస్తే ఆసుపత్రి బిల్లు. ఆ మూటలో ఏముంటుందో దేశం పేరును బట్టి కాక, అక్కడ ఆ మనిషికి దక్కే హోదాను బట్టి తేలుతుంది. ప్రచారంలో ఉన్న అపోహల్లో చాలావరకు ఈ సంగతి మరవడం వల్ల పుట్టినవే.

అపోహ: జీడీపీలో ఎక్కువ శాతం పరిశోధనకు పెట్టే దేశంలోనే అవకాశాలు ఎక్కువ.

పరిశోధన, అభివృద్ధికి ఇజ్రాయెల్ తన జీడీపీలో సుమారు 6 శాతం, దక్షిణ కొరియా సుమారు 5 శాతం వెచ్చిస్తున్నాయి. అమెరికా 3.5 శాతం దగ్గర, జర్మనీ 3 శాతం దగ్గర ఉన్నాయి. ఈ లెక్కనే నమ్మితే పరిశోధన చేయాలనుకునే ప్రతివారూ కొరియా విమానం ఎక్కాలి. అయితే కొరియా, ఇజ్రాయెల్ ఖర్చులో సింహభాగం కంపెనీలది. ఇజ్రాయెల్‌లో అయితే బహుళజాతి సంస్థలు పెట్టుకున్న కేంద్రాల వాటా కూడా పెద్దదే. చిప్పులు, సాఫ్ట్‌వేర్ వైపు ప్రవహించే ఆ డబ్బుతో మొక్కల జన్యుశాస్త్రంలోనో భాషాశాస్త్రంలోనో కొత్త సీటు పుట్టదు. శాతంలో కొరియా కంటే వెనుక ఉన్న అమెరికా, మొత్తం ఖర్చులో దానికి అందనంత ఎత్తులో ఉంది. శాతం చెప్పేది ఆర్థిక వ్యవస్థ స్వభావం గురించే. బయటివాడికి తలుపు ఎంత తెరిచి ఉందో అది చెప్పదు.

భారత్ వాటా 2020–21లో 0.64 శాతం. దీన్ని చూపించి ప్రభుత్వం పరిశోధనకు పైసా విదల్చదనడం సగం నిజమే. దేశంలో జరిగే ఖర్చులో సగానికి పైగా ప్రభుత్వరంగానిదే. పరిశ్రమల వాటా మూడో వంతుకు కాస్త పైన ఆగిపోతుంది. అమెరికా, జపాన్, కొరియాల్లో పరిశ్రమలు నాలుగింట మూడు వంతుల వరకు మోస్తాయి. భారత్ లోటు ప్రధానంగా పరిశ్రమల వాటాలోనే ఉంది. 2023లో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు లక్ష్యంగా పెట్టుకుని, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వేతర వనరుల నుంచే రావాలని ఆశించడానికి కారణం కూడా ఇదే. ఇక మనుషుల లెక్క. పది లక్షల జనాభాకు భారత్‌లో సుమారు 260 మంది పరిశోధకులు ఉంటే, కొరియాలో 9,000 దాటారు.

అపోహ: విదేశంలో పీహెచ్‌డీ అంటే ఆస్తులు అమ్ముకోవాలి, లేదంటే యూరప్‌కు పోవాలి, అక్కడ చదువు అందరికీ ఉచితం.

ఒక వాక్యంలో రెండు అపోహలు. మొదటిది ఎంఎస్‌నూ పీహెచ్‌డీనీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చింది. తెలుగు ఇళ్లలో ఇల్లో పొలమో తాకట్టు పెట్టి తీసుకునే అప్పు ఎక్కువగా ఎంఎస్ కోసం. అమెరికాలో సైన్స్, ఇంజినీరింగ్ పీహెచ్‌డీ విద్యార్థికి సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుంది. బోధనలోనో పరిశోధనలోనో సహాయకుడిగా పనిచేసినందుకు స్టైపెండ్ వస్తుంది. నెదర్లాండ్స్, స్వీడన్, డెన్మార్క్‌లలో పీహెచ్‌డీ చేసేవారు చాలామంది ఉద్యోగులే. జీతం, సెలవు, పెన్షన్ చందా అన్నీ ఉంటాయి. జర్మనీలోనూ ఉద్యోగ ఒప్పందమే ఎక్కువ, కానీ తరచూ పూర్తి జీతానికి బదులు సగమో ముప్పావో ఇస్తారు. పని మాత్రం ముప్పావుతో ఆగదని వేరే చెప్పనక్కర్లేదు. భారత్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. అది ఫెలోషిప్ కాబట్టి పీఎఫ్ ఉండదు. నెలల తరబడి ఆలస్యమవుతుందన్నది పరిశోధక విద్యార్థుల పాత ఫిర్యాదు.

రెండో అపోహకు వయసైపోయింది. యూరోపియన్ కూటమి బయటి నుంచి వచ్చే డిగ్రీ, మాస్టర్స్ విద్యార్థులకు స్వీడన్ 2011లో, ఫిన్లాండ్ 2017లో, నార్వే 2023లో ఫీజులు పెట్టాయి. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఎక్కువగా ఇంకా ఫీజు తీసుకోవడం లేదు. కానీ బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తోంది, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024లో అదే బాట పట్టింది. ఫీజు లేనిచోట కూడా వీసా కావాలంటే ఏడాది ఖర్చుకు సరిపడా 11,904 యూరోలు సాధారణంగా బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత చొప్పునే తీయగల ఖాతాలో) చూపించాలి.

అపోహ: పీహెచ్‌డీ చేతికొస్తే అక్కడే స్థిరమైన ఉద్యోగం ఖాయం.

స్థిరమైన ఉద్యోగం సంపన్న దేశాల విశ్వవిద్యాలయాల్లోనే అరుదు. జర్మనీ 2007 చట్టం ప్రకారం పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు తాత్కాలిక ఒప్పందాలపై పనిచేయించుకోవచ్చు. ఆ గడువు దాటాక ప్రొఫెసర్ పదవి దొరకనివారు చాలాసార్లు ఆ రంగాన్నే వదలాలి. ఈ పద్ధతిని సమర్థిస్తూ అక్కడి పరిశోధన మంత్రిత్వశాఖ హన్నా అనే కల్పిత జీవశాస్త్రవేత్తతో ఒక వీడియో చేసింది. 2021లో వేలమంది పరిశోధకులు ‘నేనే హన్నా’ అంటూ తమ కథలను బయటపెట్టారు.

సంపాదనే పరిశోధకులను లాగుతుందన్నది దీనికి తోబుట్టువులాంటి నమ్మకం. చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ 1999లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వదిలి, జీతం తగ్గినా కేంబ్రిడ్జ్‌లోని మాలిక్యులర్ బయాలజీ ల్యాబొరేటరీకి వెళ్లారు. గ్రాంటు కోసం పదేపదే దరఖాస్తులు రాయనక్కర్లేకుండా, ఫలితం రావడానికి ఏళ్లు పట్టే ప్రశ్నకు అక్కడ నిలకడగా నిధులు దొరుకుతాయి. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణం అలాంటి ప్రశ్నే. ఆ పనికి ఆయనకు 2009లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

అపోహ: ప్రతిభ ఉంటే ఏ దేశమైనా తలుపు తీస్తుంది.

కెనడా 1967లోనే చదువు, అనుభవం, భాష వంటివాటికి పాయింట్లు ఇచ్చే పద్ధతి తెచ్చింది. అమెరికా తీరు వేరు. అక్కడ ఉద్యోగం ఆధారంగా ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. వాటిలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా 7 శాతం పరిమితి ఉంది. గుంటూరులో పుట్టిన శాస్త్రవేత్త, ఐస్‌లాండ్‌లో పుట్టిన శాస్త్రవేత్త ఒకే ల్యాబ్‌లో పక్కపక్క బల్లల మీద పనిచేస్తున్నా, క్యూలో వారి మధ్య దశాబ్దాల దూరం ఉండవచ్చు. లెక్కలోకి వచ్చేది పుట్టిన దేశం. పౌరసత్వం మార్చుకున్నా అది మారదు. మరో వైపు, అంతగా ప్రచారం లేని వెసులుబాటు ఒకటుంది: లాటరీ తీసి ఇచ్చే హెచ్-1బీ ఉద్యోగ వీసాలకు ఉన్న ఏటా 85,000 పరిమితి విశ్వవిద్యాలయాలకు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు వర్తించదు. అక్కడ చేరేవారికి లాటరీ బెడద లేదు.

అపోహ: వలస వెళ్లిన మేధస్సు దేశానికి పోయినట్టే.

మేధోవలస అన్న గోల మొదట లేచింది భారత్ గురించి కాదు. 1960ల ఆరంభంలో తమ శాస్త్రవేత్తలు అమెరికాకు తరలిపోతున్నారని బ్రిటన్ గగ్గోలు పెట్టింది. తర్వాత ఆ మాట పేద దేశాలకు అతుక్కుపోయింది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథను తెలుగువారు ఎక్కువగా నష్టపు పద్దులోనే రాస్తారు. ఆయన హార్వర్డ్‌లో చేరారు, శాశ్వత పదవి దక్కక 1940లో లెడర్లే మందుల కంపెనీకి మారారు, 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన అక్కడ ఉన్న కాలంలో ఎక్కువ భాగం, 1946 దాకా, భారతీయులకు అమెరికా పౌరసత్వం తీసుకునే హక్కే లేదు. కానీ ఆయన నాయకత్వంలో లెడర్లేలో వెలువడిన డైఇథైల్‌కార్బమజైన్, బోదకాలు నిర్మూలన కార్యక్రమంలో గోదావరి జిల్లాలతో సహా దేశమంతటా కోట్లమంది మింగిన డీఈసీ మాత్ర. మనిషి తిరిగి రాలేదు, మందు వచ్చింది.

మనుషులు తిరిగొచ్చిన చోట్లా ఉన్నాయి. అయితే అభిమానం ఒక్కటే వారిని రప్పించలేదు. కొరియా 1966లో కిస్ట్ అనే పరిశోధన సంస్థను స్థాపించి, అమెరికాలోని తన శాస్త్రవేత్తలకు ప్రొఫెసర్ల కంటే బాగా ఎక్కువ జీతం, ఇల్లు ఇచ్చి పిలిచింది. తైవాన్ 1980లో షిన్‌చూ సైన్స్ పార్కు తెరిచింది. అమెరికా చిప్ పరిశ్రమలో పాతికేళ్లు పనిచేసిన మోరిస్ చాంగ్ 1985లో తైవాన్ చేరి 1987లో టీఎస్ఎంసీ అనే చిప్ కంపెనీని స్థాపించారు. ముందు ల్యాబు, తర్వాత రాక.

ఇంటికి పంపే డబ్బుతో లెక్క సరిపోతుందన్న వాదన మాత్రం నిలవదు. ఆర్‌బీఐ 2023–24 సర్వే ప్రకారం దేశానికి వచ్చిన ప్రవాసుల సొమ్ములో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. అది కుటుంబాలను నిలబెడుతుంది; ప్రయోగశాలలను కాదు.

అపోహ: అమెరికాలో సంక్షేమం లేదు, యూరప్‌లో అంతా ఉచితం, ఇండియాలో ఏమీ లేదు.

అమెరికాకు 1935 నుంచి సోషల్ సెక్యూరిటీ పెన్షన్, 1965 నుంచి వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ ఉన్నాయి. సామాజిక రంగంపై ప్రభుత్వ ఖర్చు సంపన్న దేశాల సగటుకు దగ్గరే. కంపెనీలిచ్చే ఆరోగ్య బీమా, పన్ను రాయితీలు కలిపితే ఫ్రాన్స్ తర్వాతి స్థానాల్లో నిలుస్తుంది. లోపం ఆ రక్షణ ఉద్యోగానికి ముడిపడి ఉండటంలో ఉంది. ఉద్యోగం పోతే బీమా పోతుంది. హెచ్-1బీ మీద ఉంటే, కొత్త ఉద్యోగం దొరక్కపోతే సాధారణంగా 60 రోజుల్లో దేశమే వదలాలి. జీతంతో కూడిన ప్రసూతి సెలవును ప్రైవేటు ఉద్యోగులందరికీ ఇచ్చే జాతీయ చట్టం నేటికీ లేదు. 1993 చట్టం ఇచ్చేది జీతంలేని 12 వారాలు. స్వీడన్‌లో తల్లిదండ్రులిద్దరికీ కలిపి భత్యంతో కూడిన సెలవు 480 రోజులు.

జర్మనీ ఆరోగ్య బీమా బిస్మార్క్ కాలంలో, 1883లో మొదలైంది. అది ఉచితం కాదు, చందా. జీతంలో 14.6 శాతం, పైన అదనపు చందా, పెన్షన్‌కు 18.6 శాతం. వీటిని యజమాని, ఉద్యోగి చెరిసగం భరిస్తారు.

భారత్‌లో సంక్షేమం లేకపోవడం కంటే ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉండటం అసలు విషయం. 60 నుంచి 79 ఏళ్ల పేద వృద్ధులకు కేంద్రం ఇచ్చే పెన్షన్ వాటా నెలకు 200 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పెన్షన్ 4,000. మొత్తం వైద్య ఖర్చులో జనం జేబు నుంచి పెట్టే వాటా 2013–14లో 64.2 శాతం ఉంటే, 2021–22కు 39.4 శాతానికి దిగింది. దిగినా అది ఎక్కువే.

అపోహ: ఆ దేశంలో అడుగుపెడితే అక్కడి సంక్షేమం దక్కుతుంది.

బ్రిటన్‌కు దీర్ఘకాల వీసా మీద వెళ్లేవారు సాధారణంగా ఆరోగ్య సర్‌ఛార్జిగా ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులైతే 776 పౌండ్లు ముందే కట్టాలి. ప్రభుత్వ నగదు సహాయాలు వారికి వర్తించవని వీసాలోనే షరతు ఉంటుంది. అమెరికాలో 1996 చట్టం ప్రకారం గ్రీన్ కార్డు వచ్చాక కూడా చాలామంది మెడికెయిడ్‌కు ఐదేళ్లు ఆగాలి. పౌరులకు ఉదారంగా ఇచ్చే యూఏఈలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది పౌరులు కారు. జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి వెళ్లిన కార్మికుడికి ఉద్యోగం ముగిశాక ప్రధానంగా చేతికొచ్చేది గ్రాట్యుటీయే.

చందా కట్టినా ఫలం దక్కని సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థికి మొదటి ఐదేళ్లు సోషల్ సెక్యూరిటీ కోత ఉండదు. హెచ్-1బీకి మారగానే జీతంలో 6.2 శాతం పోవడం మొదలవుతుంది. పెన్షన్‌కు 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల పని కావాలి. అవి నిండినవారికి ఇండియాకు తిరిగొచ్చినా పెన్షన్ అందుతుంది. ఎనిమిదో ఏట తిరిగొచ్చినవారికి ఆ ఎనిమిదేళ్ల కోత తిరిగి రాదు, ఇక్కడి పీఎఫ్ సర్వీసులోనూ కలవదు. రెండు దేశాల సర్వీసును కలిపి లెక్కించే ఒప్పందం భారత్‌కు జర్మనీతో ఉంది. కంపెనీ తరఫున జర్మనీ వెళ్లే ఉద్యోగి, పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ ఇచ్చే సర్టిఫికెట్ చూపితే అక్కడి పెన్షన్ చందా నుంచి మినహాయింపు దొరుకుతుంది. అమెరికా వెళ్లేవారికి చూపించడానికి అలాంటి కాగితం లేదు.