తగిలించిన సితారాను మళ్ళీ చేతికి తీసుకోండి

(రేడియో ప్రసంగ పాఠం)



ఈ దినం మనం అంతగా ఎవరూ మాట్లాడని ఒక బాధను గూర్చి ఆలోచిద్దాం. వాయించడం వచ్చు. వేళ్ళలో సత్తువ ఉంది. వాయిద్యం ఇంట్లోనే ఉంది. కాని వాయించాలని మనసు రాదు. మన సంఘాలలో ఇలాంటివారు తక్కువ మందేమీ కాదు. ఆకాశవాణి ఆడిషన్‌లో గ్రేడు రాక ఇంటికి తిరిగి వచ్చిన గాయకుడు ఉన్నాడు. స్టూడియోలో పని తగ్గిపోయిన తబలా కళాకారుడు ఉన్నాడు. పదేళ్ళు ఆరాధనలో కీబోర్డు వాయించి, ఒక ఆదివారం ఆ స్థానంలో వేరొకరిని కూర్చోబెడితే, ఇంటికి వెళ్ళి కీబోర్డు మీద దుప్పటి కప్పేసిన చెల్లి ఉంది. "ఎందుకు వాయించడం లేదమ్మా?" అని అడిగితే "టైము ఉండటం లేదండీ" అంటుంది. అసలు సంగతి టైము కాదు. మనసు విరిగింది.

137వ కీర్తన మీరు ఎన్నోసార్లు చదివి ఉంటారు. చెరలోనికి వెళ్ళినవారు బబులోను నదుల దగ్గర కూర్చుని తమ సితారాలను నిరవంజి చెట్లకు తగిలించారు. వారికి వాయించడం రాక కాదు, గుండెలో పాట లేక. అయితే ఒక్క సంగతి గమనించండి. వారు ఆ సితారాలను నదిలో పారవేయలేదు. విరగగొట్టలేదు. తగిలించారు. తగిలించినదాన్ని మళ్ళీ దించుకోవచ్చు. ఎలా దించుకోవాలో ఒక గొప్ప సంగీతకారుని జీవితంలో నుండి చూద్దాం.

ఒక్క రాత్రిలో తగిలిన దెబ్బ

ఆయన పేరు సెర్గీ రాఖ్మానినోవ్. 1873లో రష్యాలో పుట్టాడు. చిన్నప్పుడు నాయనమ్మ, అమ్మమ్మల కాలపు అలవాటు ప్రకారం పెద్దవాళ్ళతో గుడికి వెళ్ళి గంటల మోత, గాయకబృందం పాటలు వింటూ పెరిగాడు. 1892లో, పందొమ్మిదేళ్ళ వయసులో, మాస్కో సంగీత విద్యాలయం నుండి బంగారు పతకంతో బయటికి వచ్చాడు. అందరూ మెచ్చుకున్నారు. ఆ ధైర్యంతో 1895లో తన మొదటి సింఫనీ రాశాడు. సింఫనీ అంటే ఎంతోమంది వాద్యకారులు కలిసి వాయించే పెద్ద రచన. పాత ఆరాధన కీర్తనల బాణీలు అందులో కలిపాడు. దాని మొదటి పుటపై, పగతీర్చుట దేవుని పని అని చెప్పే రోమా పత్రిక 12వ అధ్యాయం 19వ వచనాన్ని పెట్టాడు.

1897 మార్చిలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో దాన్ని మొదటిసారి వాయించారు. రిహార్సల్ చాలినంత జరగలేదు. ఆ కచేరీలోనే ఇతర కొత్త రచనలు కూడా ఉన్నాయి. వాయింపు గందరగోళమైంది. ఇరవై మూడేళ్ళ ఆ యువకుడు హాలు బయట మెట్ల మీద కూర్చుని, తన సంగీతం తానే వినలేక చెవులు మూసుకున్నాడు. మరుసటి రోజుల్లో సీజర్ కుయ్ అనే పేరుగల విమర్శకుడు ఆ సింఫనీని ఐగుప్తు మీదికి వచ్చిన పది తెగుళ్ళతో పోల్చి రాశాడు.

ఆ తరువాత దాదాపు మూడేళ్ళు ఆయన పెద్ద రచన ఏదీ చేయలేకపోయాడు. కాగితం ముందు కూర్చుంటే ఏమీ వచ్చేది కాదు. ఆయనకు ఆగిపోయింది రాయడం, మీకు ఆగిపోయింది వాయించడం కావచ్చు. గాయం మాత్రం ఒక్కటే.

మనసు ఎందుకు రాదు?

ప్రియులారా, దీన్ని సోమరితనం అని తీసిపారేయకండి. లోపల జరిగేది మూడు మెట్లుగా జరుగుతుంది.

మొదటిది, పని మీద వచ్చిన తీర్పును మనిషి మీద వచ్చిన తీర్పుగా తీసుకుంటాము. "ఈ పాట బాగా రాలేదు" అని వాళ్ళంటే, "నువ్వు పనికిరావు" అని మనకు వినబడుతుంది. రాఖ్మానినోవ్ విషయంలో చూడండి. చెడిపోయినది చాలా మట్టుకు ఆ రాత్రి వాయింపు. కాని ఆయన తానే చెడిపోయానని నమ్మాడు.

రెండవది, వాయిద్యమే ఆ అవమానాన్ని గుర్తు చేస్తుంది. హార్మోనియం తెరిస్తే ఆ రోజు జ్ఞాపకం వస్తుంది. కాబట్టి తెరవము. తెరవకపోతే ఆ పూటకు కొంత నెమ్మదిగా ఉంటుంది. ఆ నెమ్మది కోసమే రేపు కూడా తెరవము. దూరంగా ఉండటం ఇలా అలవాటవుతుంది.

మూడవది, నెలల తరువాత ఒకనాడు ధైర్యం చేసి కూర్చుంటాము. వేళ్ళు కదలవు, గొంతు నిలవదు. అభ్యాసం లేకపోతే ఎవరికైనా అంతే. కాని మనం ఏమనుకుంటాము? "చూశావా, వాళ్ళు చెప్పింది నిజమే" అనుకుంటాము. మళ్ళీ మూసేస్తాము. ఇది గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడే మనలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ముందు మనసు రావాలి, తరువాత వాయిస్తాను అనుకుంటారు. ఈ గాయంలో అది జరిగే పని కాదు. ముందు చెయ్యి కదలాలి. మనసు దాని వెనుక మెల్లగా నడిచి వస్తుంది.

ఆయనను నిలబెట్టినవి ఏవి?

మొదట, సంగీతంలోనే వేరే పని దొరికింది. 1897లో సావ్వా మామొంతోవ్ అనే ధనవంతుడు నడిపే మాస్కో ఒపేరా సంస్థలో వాద్యబృందాన్ని నడిపించే సహాయకుడిగా చేరాడు. అక్టోబరులో ఆయన మొట్టమొదట నడిపించినది ఏమిటో తెలుసా? సంసోను, దెలీలా కథ మీద సాన్-సాన్స్ రాసిన ఒపేరా! బలం పోయిన సంసోను కథతో, బలం పోయిందనుకున్న మనిషి మళ్ళీ పని మొదలుపెట్టాడు. తన రచన రాకపోయినా, ఇతరుల సంగీతం మధ్య ఉన్నాడు. సంగీతపు ఇంట్లో నుండి బయటికి పోలేదు, ఒక గదిలో నుండి మరో గదిలోకి మారాడు.

తరువాత, గొప్పవారి మాటలు ఆయనకు మందు కాలేదు. ఇది కూడా తెలుసుకోవాలి. 1900 జనవరిలో స్నేహితుడైన గాయకుడు షల్యాపిన్‌తో కలిసి మహారచయిత టాల్‌స్టాయ్ ఇంటికి వెళ్ళి వాయించాడు. ప్రోత్సాహం దొరుకుతుందనుకున్నాడు. టాల్‌స్టాయ్ ఇలాంటి సంగీతం ఎవరికి కావాలి అన్నట్టు మాట్లాడేసరికి ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది. మీ గాయాన్ని ఊళ్ళో పెద్ద పేరున్నవారి దగ్గరికే తీసుకుని వెళ్ళనక్కరలేదు. పేరు వేరు, ఆదరించే గుణం వేరు.

చివరికి ఆయనకు సహాయపడింది ఒక వైద్యుడు. మేనత్త కుటుంబంవారు ఆయనను నికొలాయ్ డాల్ అనే డాక్టరు దగ్గరికి పంపించారు. ఈ డాక్టరు తాను కూడా వాద్యం వాయించేవాడు, సంగీతమంటే ప్రాణం. 1900 జనవరి నుండి ఏప్రిల్ వరకు ప్రతిదినం రాఖ్మానినోవ్ ఆయన దగ్గరికి వెళ్ళాడు. హిప్నాటిజం పద్ధతిలో, నీవు మళ్ళీ రాస్తావు, సులువుగా రాస్తావు, అది బాగుంటుంది అనే భావాన్ని డాల్ ఆయన మనసులో నాటుతూ వచ్చాడని తరువాత రాఖ్మానినోవే చెప్పాడు. సంగీతం గురించి ఇద్దరూ మాట్లాడుకునేవారు. తిట్టని మనిషి, తొందరపెట్టని మనిషి, రోజూ కనబడే మనిషి. మూడు నెలలకు పైగా!

బదరీవృక్షము క్రింద పడుకున్న ఏలీయా మీకు గుర్తున్నాడా? దేవదూత వచ్చి ఆయనను మొదట గద్దించలేదు. రొట్టె పెట్టాడు, నీళ్ళు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు. మళ్ళీ వచ్చి మళ్ళీ పెట్టాడు. ప్రయాణం సంగతి ఆ తరువాతే ఎత్తాడు. విరిగిన మనసుకు కావలసిన వరుస ఇదే.

ఆ వేసవిలో రాఖ్మానినోవ్ రెండవ పియానో కాన్చెర్టో రాయడం మొదలుపెట్టాడు. పియానో ముందుండగా వాద్యబృందమంతా తోడు వాయించే రచనను కాన్చెర్టో అంటారు. 1900 డిసెంబరులో దానిలోని రెండు భాగాలను, 1901లో మొత్తాన్ని మాస్కోలో తానే పియానో ముందు కూర్చుని వాయించాడు. ఈనాటికీ లోకమంతటా వాయించే రచన అది. దాన్ని ఆయన డాక్టరు డాల్‌కు అంకితమిచ్చాడు.

అయితే భయం పూర్తిగా పోయిందనుకుంటున్నారా? లేదు. ఆ కచేరీకి కొన్ని దినాల ముందు కూడా, మొదటి భాగం చెడిపోయిందని దిగులుపడుతూ స్నేహితునికి ఉత్తరం రాశాడు. భయం ఉండగానే వెళ్ళి వాయించాడు.

మీరు ఏమి చేయాలి?

ఒకటి. చిన్నగా మొదలుపెట్టండి. రోజుకు పది నిమిషాలు చాలు. గడియారం చూసి పది నిమిషాలు కాగానే, ఇంకా వాయించాలనిపించినా ఆపేయండి. రేపటికి కొంచెం ఆకలి మిగలాలి.

రెండు. దెబ్బ తగిలిన పాటను ఇప్పుడే ముట్టుకోకండి. ఆడిషన్‌లో పోయిన కీర్తనను పక్కన పెట్టి, చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న తేలికైన పాట తీసుకోండి. ఎవరూ వినని వేళ వాయించండి.

మూడు. తీర్పును విడదీసి ఒక కాగితం మీద రాయండి. వాళ్ళు నిజంగా అన్న మాట ఏది? దానికి నేను కలుపుకున్న మాట ఏది? తాళం తప్పిందన్నారా? తాళం దిద్దుకోవచ్చు. పనికిరావని ఎవరూ అనలేదేమో, చూడండి.

నాలుగు. మరో గదిలోకి మారండి. వేదిక మీద చోటు లేకపోతే ఇద్దరు పిల్లలకు సరిగమలు నేర్పండి. వీధి చివర మంచాన పడిన పెద్దమ్మగారికి ఒక పాట వినిపించండి. ఆవిడ మీకు మార్కులు వేయదు.

అయిదు. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకుండా, నిద్ర, ఆకలి తప్పి, బ్రతకాలనిపించకుండా ఉంటే, అది సంగీతానికి సంబంధించిన సమస్య మాత్రమే కాదు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళడం విశ్వాసం లేకపోవడం కాదు.

సంఘ పెద్దలకు కూడా ఒక మాట. వాద్యకారుని మార్చవలసి వస్తే మార్చండి. కాని ముందు ఇంటికి వెళ్ళి, కూర్చుని, చెప్పండి. ఆదివారం ఉదయం అందరి ముందు తెలిసేలా చేయకండి. మార్చిన తరువాత కూడా ఆ బిడ్డను మరచిపోకండి.

చివరిగా ఒక సంగతి చెప్పి ముగిస్తాను. 1917లో విప్లవం వచ్చినప్పుడు రాఖ్మానినోవ్ ఇల్లు, భూములు, దేశం అన్నీ విడిచి వెళ్ళవలసి వచ్చింది. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్ళు. భార్యను, ఇద్దరు కుమార్తెలను పోషించడానికి మళ్ళీ సాధన చేసి, అమెరికాలో పియానో కచేరీలతో జీవితాన్ని కట్టుకున్నాడు. ఒకసారి లేచినవాడికి లేచే దారి తెలుసు.

మరి ఆ మొదటి సింఫనీ ఏమైంది? ఆయన బ్రతికి ఉండగా మళ్ళీ ఎవరూ దాన్ని వాయించలేదు. 1943లో ఆయన చనిపోయాడు. ఆ తరువాత వాద్యకారుల ప్రతులు లెనిన్‌గ్రాడ్‌లో దొరికాయి. 1945లో మాస్కోలో వాయిస్తే, అది మంచి రచన అని లోకం ఒప్పుకుంది. ఆ మాట వినడానికి ఆయన లేడు. కాని ఆ మాట కోసం ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు కూడా. విమర్శించినవారి మీద పగ తీర్చుకోలేదు. మొదటి పుట మీద తాను పెట్టుకున్న వచనం ప్రకారం ఆ లెక్కను దేవునికి విడిచిపెట్టినట్టే ఉంది ఆయన బ్రతుకు. ఆ మధ్యకాలంలో నలభై ఏళ్ళకు పైగా రాస్తూ, వాయిస్తూ ఉన్నాడు.

మీకు అన్యాయం జరిగి ఉంటే, దాన్ని సరిచేసే దినం మీరు చూడవచ్చు, చూడకపోవచ్చు. అంతవరకు మీ సితారా చెట్టుకు వేలాడవలసిన పని లేదు. ఈ సాయంత్రం దుప్పటి తీయండి, దుమ్ము తుడవండి, పది నిమిషాలు వాయించండి.

దేవుడు మీ చేతులను బలపరచును గాక. ఆమేన్.