డేటా స్ట్రక్చర్స్ చదువు – హాజరు లెక్క

శంషాబాద్ విమానాశ్రయ పరిసర గ్రామముల పిల్లలు పలువురు నేడు ఇంజనీరింగు కళాశాలలలో కంప్యూటరు శాఖ చదువుచున్నారు. వారికి వచ్చు డేటా స్ట్రక్చర్స్ అను పాఠము, సమాచారమును ఏ వరుసన అమర్చిన త్వరగా దొరకునో నేర్పును. ఇది పంచాయతీ సభ్యులకు తెలియని విషయము కాదు. ఓటర్ల జాబితా ఇంటి నంబర్ల వరుసన ఉండును. పేరే తెలిసి నంబరు తెలియనిచో ఎన్ని పుటలు త్రిప్పవలెనో వారెరుగుదురు. అదే 1000 పేర్లు అక్షరక్రమమున నున్నచో, నడిమి పేరు చూచి అక్కరలేని సగమును విడుచుచు పోగా, 10 చూపులలో పని తీరును.

హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు 2022 నిబంధనలలో ఈ పాఠమునకు తరగతి మదింపునకు 40, చివరి పరీక్షకు 60 మార్కులు. అంతకంటె హాజరే ముఖ్యమని మేము తలచుచున్నాము. మొత్తముమీద 75 శాతము ఉండవలెను. 65కు తగ్గకున్న సరియైన కారణముపై మన్నింపు దొరకవచ్చును. అంతకును తగ్గినచో పరీక్ష లేదు, ఆ సెమిస్టరు మరల చదువవలసినదే. నాట్లకని, పెండ్లిండ్లకని పిల్లలను వారములకొలది ఇంట నిలుపు తల్లిదండ్రులకు సభ్యులీ లెక్క ముందే తెలుపవలెను. స్వయంప్రతిపత్తి గల కళాశాలల నిబంధనలు వేరుగా నుండవచ్చును. ప్రోగ్రాములు మాత్రము ఎక్కడనైనను విద్యార్థి స్వయముగా వ్రాయవలసినవే. నకలు చేసినవాడు ప్రయోగ పరీక్షలో ఒక్క పంక్తి మార్చుమన్నచో నిలిచిపోవును.